ఆమె రక్తంలోని వార్త ముందుగా ఎవరికి?

పెద్దపేగు క్యాన్సర్ ముదిరి కాలేయానికో ఊపిరితిత్తులకో పాకినవాళ్ళకి ఈ పదేళ్ళుగా ఒక కొత్త రకం రక్తపరీక్ష అందుబాటులోకి వస్తోంది. వాడుతున్న మందుకి క్యాన్సర్ ఇంకా లొంగుతోందా, తప్పించుకునే దారి వెతుక్కుందా అన్నది ఈ పరీక్ష చెబుతుంది. స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనిపించక ముందే, మనిషికి నొప్పో ఆయాసమో తెలియక ముందే చెబుతుంది. ఒక్కోసారి నెలల ముందు. ఇది వైద్యశాస్త్రం సాధించిన విజయమే, సందేహం లేదు. నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరు. ఆ వార్త ఆమె రక్తంలో ఉంది. ల్యాబ్‌కి తెలుసు, డాక్టర్‌కి తెలుసు, మన ఇళ్ళలో అయితే భర్తకీ కొడుక్కీ కూడా తెలుసు. ఆమెకే తెలీదు. ఒక మనిషి గురించిన నిజం ఆ మనిషి దగ్గర తప్ప మిగిలిన అందరి దగ్గరా ఉన్న ఆ నెలలు ఎవరివి?

"తెలుసుకునే హక్కు" అని ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు. అంత తేలిగ్గా తేలే సంగతి కాదని నా అనుమానం. ముందు ఆ పరీక్ష ఏం చేస్తుందో కాస్త వివరంగా చూద్దాం.

మన శరీరంలో కణాలు రోజూ చనిపోతుంటాయి. అలా చనిపోయిన కణాల డి.ఎన్.ఎ. చిన్న చిన్న తునకలై రక్తంలో కలుస్తుంది. రక్తంలో ఇలా కణాల బయట తిరిగే న్యూక్లిక్ ఆమ్లాలున్నాయని ఫ్రాన్స్‌లో మాండెల్, మెటే అనే ఇద్దరు 1948లోనే గుర్తించారు గానీ చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. క్యాన్సర్ కణాలూ చనిపోతుంటాయి, వాటి తునకలూ రక్తంలోకి వస్తాయి. సుమారు రెండు గంటల్లో వాటిలో సగం మాయమైపోతాయి. అంటే ఈ రోజు తీసిన రక్తం ఈ రోజు సంగతే చెబుతుంది. ఎప్పుడో ఆపరేషన్‌లో తీసి మైనపు దిమ్మలో దాచిన కండ ముక్క ఆనాటి సంగతి మాత్రమే చెప్పగలదు కదా.

ఈ జబ్బుకి వాడే మందుల్లో సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అని రెండున్నాయి. "ఎదుగు" అనే సంకేతాన్ని అందుకోవడానికి కణం మీద ఇ.జి.ఎఫ్.ఆర్. అనే గ్రాహకం ఉంటుంది. ఈ మందులు దాన్ని మూసేస్తాయి, తలుపుకి గొళ్ళెం పెట్టినట్టు. కానీ లోపల కేరాస్ అనే జన్యువు మారిపోయి ఉంటే, తలుపు మూసినా లోపల ఆ సంకేతం మోగుతూనే ఉంటుంది. అందుకే మొదట్లోనే పరీక్ష చేసి, ఆ జన్యువు మారనివాళ్ళకే ఈ మందులిస్తారు. వాళ్ళలోనూ కొన్ని నెలలకి మందు పనిచేయడం మానేస్తుంది. ఎందుకన్నది 2012లో 'నేచర్' పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలు చూపించాయి. మొదట కేరాస్ మారని 24 మందికి మందిచ్చి చూస్తే, 9 మంది రక్తంలో ఆ మార్పులు బయటపడ్డాయని, అదీ ఎక్కువగా అయిదారు నెలల్లోనే అని అమెరికా బృందం చెప్పింది. కొందరిలో స్కాన్‌లో తేలడానికి పది నెలల ముందే మార్పు రక్తంలో కనిపించిందని ఇటలీ బృందం చెప్పింది.

పది నెలలు! ఒక బిడ్డని మోసి కనేటంత కాలం.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలనిపిస్తోంది. ఇంగ్లీషులో రెసిస్టెన్స్ అనేదాన్ని మనం వైద్యంలో 'నిరోధకత' అంటాం. రోగ నిరోధక శక్తి అంటే మంచిది, ఔషధ నిరోధకత అంటే చెడ్డది. అదే ఇంగ్లీషు మాటని ఉద్యమాల్లో 'ప్రతిఘటన' అని మనం ఎంత ఇష్టంగా వాడుకున్నామో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. జబ్బు చుట్టూ అల్లుకునే యుద్ధభాష గురించి సుసాన్ సొంటాగ్ 1978లోనే హెచ్చరించింది. అయినా ఇంగ్లీషు వైద్యపత్రాల్లో ఇప్పటికీ మందు పనిచేయకపోతే 'పేషెంట్ ఫెయిలైంది' అని రాసే అలవాటుంది. తప్పినది మందు, ఫెయిలైంది మనిషి! మన ఊళ్ళో ముసలమ్మలు 'మందు పట్టలేదమ్మా' అంటారు. నా మటుకు నాకు ఆ మాటే నిజాయితీగా అనిపిస్తుంది.

పైగా మందు ఈ మొండి కణాల్ని ప్రతిసారీ కొత్తగా పుట్టిస్తుందని కాదు. చాలాసార్లు అవి ముందు నుంచే ఏ మూలో కొద్దిగా ఉంటాయి. మందు మిగిలినవాటిని చంపేసరికి వీటికి చోటు దొరుకుతుంది. మందు ఆపేస్తే? వీటి ఆధిక్యం మెల్లగా తగ్గుతుంది, నాలుగు నెలల పైచిలుకులో సగానికి పడిపోతుందని 2019లో లెక్కగట్టారు. దీని ఆధారంగా ఇటలీలో చేసిన క్రోనోస్ అనే పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. ఒకసారి ఈ రకం మందు వాడి, అది పనిచేయక ఆపేసిన 52 మందికి రక్తపరీక్ష చేశారు. 16 మందిలో నిరోధక మార్పులు ఇంకా ఉన్నాయి, వాళ్ళకి మందు మళ్ళీ ఇవ్వలేదు. మిగిలినవాళ్ళలో 27 మందికి ఇస్తే 8 మందిలో గడ్డలు గణనీయంగా తగ్గాయి. ఆ పదహారు మందీ ఏం తప్పించుకున్నారో ఆ మందు వాడిన ఆడవాళ్ళని అడగాలి. గోళ్ళ చుట్టూ పుళ్ళు, పగిలిన మడమలు, అన్నిటికన్నా ముందు ముఖం నిండా పొక్కులు. పనికిరాని మందు పెట్టే బాధ నుంచి తప్పించడం కోసం చేసే పరీక్షని నేను రెండు చేతులా స్వాగతిస్తాను. అక్కడ చిక్కేమీ లేదు.

చిక్కంతా మరో రకం సందర్భంలో ఉంది. పరీక్ష వార్త చెబుతుంది, కానీ ఆ వార్తతో చేయడానికి డాక్టర్ దగ్గర కొత్తగా ఏమీ ఉండదు.

మా వదిన తెనాలి దగ్గర ఒక పల్లెలో ముప్ఫై ఏళ్ళు టీచరుగా చేసి రిటైరైంది. మొదట్లో రక్తం పడితే మొలలనుకుంది. ఆడవాళ్ళకి రక్తం చూడటం అలవాటే, దాని గురించి నోరెత్తకపోవడం అంతకన్నా అలవాటు. అందులోనూ ఆ చోటు నుంచి పడితే ఎవరితో చెప్పుకుంటాం? ఏడాది తర్వాత జబ్బేమిటో తేలేసరికి కాలేయానికి పాకింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో సెటుక్సిమాబ్ మొదలుపెట్టారు. మూడో వారానికి ముఖమంతా పొక్కులు. "మంచిదేనమ్మా, పొక్కులొస్తే మందు పనిచేస్తున్నట్టే" అన్నారు డాక్టర్. అది అబద్ధం కాదు. పొక్కులు బాగా వచ్చినవాళ్ళలో మందూ బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలినదే. వదిన పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం మానేసింది గానీ రోజూ పొద్దున్నే అద్దంలో ముఖం చూసుకుని, పొక్కులు తగ్గలేదని సంతోషపడేది. అలా సంతోషపడే ఆడమనిషిని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఏడో నెలలో ఈ రక్తపరీక్ష చేయించారు. రిపోర్టు మా మేనల్లుడి ఫోనుకి వచ్చింది. కేరాస్ మారిన తునకలు కనిపించాయి. స్కాన్ మాత్రం బాగానే ఉంది. స్కాన్‌లో పెరిగేదాకా ఇదే మందు కొనసాగిద్దామన్నారు డాక్టర్. వైద్యపరంగా అది తప్పు కాదు, ఈ జబ్బులో రక్తపరీక్ష ఒక్కదాన్నే చూసి ముందే మందు మారిస్తే ఎక్కువకాలం బతుకుతారని రుజువైన దాఖలా లేదు. కాబట్టి మందు మారలేదు. మారలేదు కాబట్టి అమ్మకి చెప్పాల్సిన పనీ లేదని ఇంట్లో అనుకున్నారు. నాలుగు నెలలు వదిన అద్దంలో పొక్కులు చూసుకుని ధైర్యం తెచ్చుకుంటూనే ఉంది. గడ్డ మీద పనిచేయడం మానేసినా చర్మం మీద ఆ మందు పనిచేస్తూనే ఉంటుంది మరి.

వదినకి వాళ్ళ నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం ఉంది. దాన్ని కూతురికి రాసివ్వాలని ఆమె కోరిక. మందు పనిచేస్తోందిగా, కౌలు లెక్కలు తేలాక వేసవిలో చూద్దాంలే అనుకుంది. వేసవి రాకముందే స్కాన్‌లో తేడా వచ్చింది. అప్పుడు చెప్పారు. వదిన ఒక్కటే అడిగింది, "మీకు ఎప్పుడు తెలిసింది?" అని. తేదీ చెప్పారు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "అయితే సంక్రాంతికి ముందే తెలుసన్నమాట" అంది. చెబితే కుంగిపోతావనుకున్నామన్నాడు అన్నయ్య.

"కుంగేదాన్నేమో. కుంగి, లేచి, రిజిస్ట్రాఫీసుకి వెళ్ళేదాన్ని" అంది వదిన.

తర్వాత ఇచ్చిన మాత్రలతో అరచేతుల చర్మం ఊడిపోయింది. రిజిస్ట్రార్ని ఇంటికి పిలిపించుకునే వీలుంది గానీ, వేలిముద్రలు సరిగా పడక ఒకసారి, ఎవరికీ తీరిక లేక ఒకసారి ఆ పని ఆగింది. చివరికి తన గుండ్రటి బడి దస్తూరీలో వీలునామా రాసి పెట్టి పోయింది. దాని మీద ఇప్పుడు ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. ఇంతకన్నా రాయడం నాకిష్టం లేదు.

ఆ ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కారు. మా మేనల్లుడు తల్లి కోసం సెలవు మీద సెలవు పెట్టి ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాడు. ప్రేమే వాళ్ళ చేత ఆ పని చేయించింది, నేను కాదనను. కానీ ఆ ప్రేమ ఒక లెక్క వేసుకుంది. మందు మార్చడానికి పనికొస్తేనే అది సమాచారం, లేకపోతే ఉత్త బాధ అని. వైద్యం కూడా సరిగ్గా అదే లెక్క వేస్తుంది. ఫలితాన్ని బట్టి వైద్యంలో ఏమైనా మారుతుందా అన్నదే అక్కడి ప్రశ్న. ఆ ప్రశ్నలో రోగికి వైద్యం తప్ప ఇంకో జీవితం లేదు. కౌలు లెక్కలు లేవు, కూతురు లేదు, అరెకరం లేదు. మా వదిన విషయంలో ఆ నాలుగు నెలల్లో చేయగలిగిన పని డాక్టర్ దగ్గర ఏమీ లేకపోవచ్చు, ఆమె దగ్గర మాత్రం ఉంది.

అలాగని తెలియడం ఎప్పుడూ మేలే అని కూడా నేననను. అండాశయ క్యాన్సర్ స్త్రీల మీద జరిగి 2010లో 'లాన్సెట్'లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన నాకెప్పుడూ గుర్తొస్తుంటుంది. జబ్బు తగ్గిన 1442 మంది అందులో చేరారు. మూడు నెలలకోసారి సి.ఎ.125 అనే రక్తపరీక్ష చేశారు. ఫలితం వాళ్ళకీ చెప్పలేదు, వాళ్ళ డాక్టర్లకీ చెప్పలేదు. ఆ అంకె మామూలు హద్దుకి రెండింతలు దాటిన 529 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి చెప్పి వెంటనే కీమో మొదలుపెట్టారు. రెండో గుంపుకి చెప్పకుండా, లక్షణాలు బయటపడ్డాకే వైద్యం చేశారు. ముందే తెలిసినవాళ్ళు సగటున 25.7 నెలలు బతికితే, తెలియనివాళ్ళు 27.1 నెలలు బతికారు, అంటే తేడా లేదన్నట్టే. ముందే మొదలుపెట్టినవాళ్ళ జీవితం మాత్రం ముందుగానే నలిగింది.

ఈ పరిశోధనని కొందరు "చూశారా, చెప్పకపోవడమే మంచిది" అనడానికి వాడతారు. నాకు అందులో కనిపించేది ఇంకొకటి. ఆ స్త్రీలకి ఫలితం చెప్పలేదు నిజమే, కానీ 'మీకు చెప్పం, ఒప్పుకుంటారా' అని ముందే అడిగారు. వాళ్ళు ఒప్పుకున్నారు. తెలియకపోవడానికి ఒప్పుకోవడం వేరు, తెలియకుండా ఉంచబడటం వేరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, రెండు చోట్లా ఒక స్త్రీకి తన రక్తంలో ఉన్న అంకె తెలియదు. కానీ మొదటిదానిలో ఆ మౌనం ఆమెది, రెండోదానిలో ఆమె చుట్టూ కట్టిన గోడ. యూరప్ దేశాలు 1997లో ఒవియేడోలో చేసుకున్న ఒప్పందంలో ఒకే అధికరణంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తన ఆరోగ్యం గురించిన సమాచారం తెలుసుకునే హక్కు మనిషికుంది, తెలుసుకోవద్దనుకుంటే ఆ కోరికనీ మన్నించాలి అని. కోరిక ఎవరిదన్నదే ముఖ్యం.

మన దగ్గర ఈ మాట అనగానే "అది పాశ్చాత్యుల వ్యక్తివాదం, మనది కుటుంబ సంస్కృతి" అంటారు. సగం నిజం. మనిషంటే ఒంటరి ద్వీపం కాదని, సంబంధాల మధ్యనే తన నిర్ణయాలు తను తీసుకుంటుందని ఫెమినిస్టులే అందరికన్నా గట్టిగా చెప్పారు. కానీ సంబంధాల మధ్య నిర్ణయించుకోవడం అంటే సంబంధీకులు నిర్ణయించడం కాదు కదా! మగ రోగుల దగ్గరా దాస్తారన్నది నిజమే. మా మామగారి దగ్గరా దాచారు. అయితే బ్యాంకు కాగితాల మీద ఆయన సంతకం కావాల్సి వచ్చిన రోజున వెళ్ళి చెప్పారు. ఎవరి సంతకంతో ఇల్లు నడుస్తుందో వాళ్ళకి నిజం త్వరగా చేరుతుంది. వంటింటికి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది, పైకి అనరు. మందు పనిచేయడం లేదన్న కబురు డబ్బు పెట్టేవాళ్ళకి ముందు చేరితే, ఇంకా ఖర్చు పెట్టాలా వద్దా అన్న మాట కూడా ఆమె లేని గదిలోనే జరుగుతుంది.

మన చట్టం ఈ విషయంలో పూర్తిగా మూగగా ఏమీ లేదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన నలభై నాలుగేళ్ళ అవివాహిత గర్భాశయాన్ని, బయట కూర్చున్న తల్లి ఒప్పుకుందని తీసేశారు. స్వయంగా నిర్ణయించుకోగల వయోజనురాలి బదులు తల్లి ఇచ్చే అనుమతి చెల్లదంది కోర్టు. పరిహారం ఇప్పించింది ఇరవై అయిదు వేలే, అది వేరే కథ. కోత పెట్టడానికి తల్లి అనుమతి చెల్లనప్పుడు, రక్తంలోని నిజాన్ని దాచడానికి కొడుకు అనుమతి ఎలా చెల్లుతుంది? కోతకీ కబురుకీ తేడా ఉందనవచ్చు. మా వదిన అరెకరాన్ని తలుచుకుంటే నాకా తేడా అంత పెద్దదిగా అనిపించదు.

అయితే ఈ ప్రశ్న అడగాల్సింది రిపోర్టు వచ్చాక కాదు. అప్పటికే ఆలస్యం. "మీకు ఒక విషయం చెప్పమంటారా, వద్దా?" అని అడిగితే ఆ అడగడంలోనే జవాబు తెలిసిపోతుంది. రక్తం తీయక ముందు, ఏ ఫలితమూ లేనప్పుడు అడగాలి. ఇది ఏం చెప్పగలదు, చెబితే వైద్యంలో ఏం మారుతుంది, ఏం మారదు, మీకు ఎంతవరకు తెలియాలి, మీ బదులు ఎవరికి తెలియాలి అని. పరీక్షలో ఏమీ కనిపించలేదంటే ఏమీ లేదని కాదనీ చెప్పాలి. ఊపిరితిత్తుల్లోనో పొట్ట పొరలోనో మాత్రమే ఉన్న జబ్బు రక్తంలోకి తునకల్ని సరిగా వదలదు. ఇదంతా తెలుగులో చెప్పాలి. పదిహేను నిమిషాల పని. ఓ.పి.లో డాక్టర్లకి అయిదు నిమిషాలే దొరుకుతాయని నాకూ తెలుసు. ఈ మాటలు డాక్టరే చెప్పాలని లేదు, శిక్షణ ఉన్న నర్సు ఇంకా బాగా చెబుతుంది.

ఈ పరీక్షకి పదుల వేలు పోయగలిగినవాళ్ళ గొడవే ఇదంతా అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ప్రభుత్వాసుపత్రి జనరల్ వార్డులో ఉన్నవాళ్ళకి అసలు సెటుక్సిమాబ్ దొరకడమే కష్టం. కానీ అక్కడ కూడా కొన్ని వందలకి చేసే సి.ఇ.ఎ. పరీక్ష ఉంది, అంకె పెరిగితే చీటీ వెంట వచ్చినవాళ్ళ చేతికే ఇస్తారు. ఖరీదులో తేడా తప్ప జరిగేది ఒకటే. 1990ల తొలినాళ్ళలో హైదరాబాద్ స్త్రీలు కూర్చుని 'సవాలక్ష సందేహాలు' తెచ్చారు. మన శరీరం గురించి మన భాషలో మనమే అడగాలన్న ఆ పట్టు తర్వాత గర్భసంచీ దాటి ఎంతవరకు వెళ్ళింది? పేగు గురించి, మలద్వారం గురించి, కేరాస్ గురించి అలాంటి పుస్తకం మనం రాసుకోలేదు. రాయాలి. మన దగ్గర డాక్టర్లున్నారు, రాయగలిగినవాళ్ళున్నారు, జబ్బుపడినవాళ్ళూ ఉన్నారు.

నా స్నేహితురాలు ఒకామె, డిగ్రీ కాలేజీలో లెక్చరరు, ఇదే జబ్బుతో ఇదే మందు వాడుతోంది. భర్త లేడు, కొడుకు అమెరికాలో ఉంటాడు. పరీక్షకి రక్తం ఇచ్చే ముందు డాక్టర్‌తో ఆమే మాట్లాడింది. మందు మార్చాల్సి వస్తే మార్చండి, కారణం నేనడిగినప్పుడు చెబుదురు గాని, అంది. ఇంత చదువుకున్నదానివి, తెలుసుకోవద్దనుకోవడం ఏమిటని మా గుంపులో ఒకరిద్దరు ఆశ్చర్యపోయారు. ఆమె ఒక పరిశోధక విద్యార్థిని థీసిస్ దిద్దుతోంది, అది అయ్యేవరకు ఆ అంకె తన తలలో ఉండకూడదట. దానికన్నా గట్టి కారణం ఎవరైనా చూపించాలా?

ల్యాబ్ ఫారంలో రిపోర్టు పంపాల్సిన నంబరు అని ఒకే ఒక్క గడి ఉంది. కౌంటర్లో అబ్బాయి "మీ అబ్బాయి గారి నంబరు ఇవ్వండి మేడమ్" అన్నాడు. ఆమె నావైపు చూసి, నన్ను అడిగి, నా నంబరు రాసింది. "అడిగితే చెప్పు. అడగకపోతే చెప్పకు. అబద్ధం మాత్రం ఆడకు" అంది నాతో. మొన్న శుక్రవారం రిపోర్టు వచ్చింది. డాక్టర్‌కి పంపాను. నిన్న సాయంత్రం ఆమె మూడో అధ్యాయం గురించి గంటసేపు మాట్లాడింది. ఇంకా అడగలేదు.